హాట్ టబ్ కొంటానంటే మేడెక్కించి నీళ్ళ ట్యాంకు చూపించా

మూడు వారాల సెలవుకి హైదరాబాద్ వచ్చి వనస్థలిపురంలో అమ్మావాళ్ళింట్లో ఉన్నా. నిన్న పొద్దున్నే ఇడ్లీ తింటుంటే మా బామ్మర్ది దిగాడు. వాడూ డాలస్ వైపే, మాకు పది మైళ్ళ దూరం, అమెరికా వచ్చి నాలుగేళ్ళు, పోయిన నెలలోనే కొన్న ఇల్లు క్లోజింగ్ అయి చేతికొచ్చింది. చెల్లెలి పెళ్ళి పనుల మీద వచ్చినోడు పెళ్ళి సంగతి వదిలేసి ఫోన్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టాడు. ఏడుగురు కూర్చునే హాట్ టబ్, అదే పెరట్లో పెట్టుకునే వేడినీళ్ళ తొట్టి, నీలం లైట్లు, పక్కన చిన్న జలపాతం, ధర 7,999 డాలర్లు, దాని పైన గీత కొట్టిన 14,999. "బావా, ఆదివారం దాకానే అంట, అడ్వాన్స్ కట్టేయనా?"

నేనేం మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వాణ్ణి మేడ మీదకి తీసుకెళ్ళా. అక్కడ వెయ్యి లీటర్ల నల్ల సింటెక్స్ ట్యాంకు ఉంది కదా, నాన్న దాన్ని ఎక్కడ పెట్టారో చూడమన్నా. కింద పిల్లర్ వచ్చిన చోట, ఇటుకల దిమ్మె కట్టించి మరీ పెట్టారు. మేస్త్రీ అప్పుడు మధ్యలో వద్దు సార్ అని గొడవ చేశాడంట. నిండితే అది ఒక టన్ను. నువ్వు చూపించే ఏడుగురి టబ్బులో 400 గ్యాలన్లు పడతాయి, అంటే లీటర్లలో 1,500 పైన, ఖాళీ టబ్బే మూడు నాలుగొందల కిలోలు, అందులో మనోళ్ళు ఏడుగురు ఎక్కి కూర్చుంటే మొత్తం రెండు టన్నులు దాటిపోద్ది. మరి దాన్ని మీ ఇంటి వెనకున్న డెక్ మీద, అంటే ఆ చెక్క అరుగు మీద పెడతా అంటున్నావ్. అక్కడ మామూలు ఇంటి డెక్ చదరపు అడుగుకి 40 పౌండ్ల లెక్కన కడతారు, నిండిన టబ్బు దగ్గరదగ్గర 100 పౌండ్లు మోపుతుంది. ఇంజనీర్ చూసి ఓకే అంటే తప్ప డెక్ మీద పెట్టొద్దు, కాంక్రీట్ పోయించుకోవాలి, కనీసం నాలుగంగుళాలు. ఇంకోటి, డాలస్ మట్టి మన నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బుతుంది ఎండకి బీటలిస్తుంది, అందుకే లోపల కడ్డీలు వేయకుండా పైపైన పోసిన పలక కొన్నాళ్ళకి ఒక పక్కకి ఒరగొచ్చు, అప్పుడు టబ్బులో నీళ్ళూ ఒక పక్కకే ఉంటాయి.

తర్వాత వాడి డౌట్, ప్లగ్ అండ్ ప్లే అంటే ఏంది, 240 వోల్టులంటే ఏంది అని. ఇది మనకి ఇక్కడి గీజర్‌తో పోలిస్తే ఇట్టే అర్థమవుతుంది. మన బాత్రూంలో పవర్ ప్లగ్ 230 వోల్టులు 16 ఆంపులు, రెండు కిలోవాట్ల గీజర్ హాయిగా నడుస్తుంది. అమెరికాలో గోడకుండే మామూలు ప్లగ్గు 120 వోల్టులు 15 ఆంపులు, గుణిస్తే 1,800 వాట్లే, మన గీజర్ కూడా దానికి భారమే. అందుకే ఈ మామూలు ప్లగ్గుకే పెట్టుకునే ప్లగ్ అండ్ ప్లే టబ్బుల్లో హీటర్ ఒక కిలోవాట్ చుట్టుపక్కల ఉంటుంది, చాలావాటిలో జెట్లు (నీళ్ళని జోరుగా చిమ్మేవి) ఫుల్లుగా పెడితే హీటర్ ఆగిపోద్ది కూడా. లెక్క వేసి చూపించా వాడికి: 300 గ్యాలన్ల నీళ్ళు 55 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 102కి రావాలంటే దాదాపు 35 యూనిట్ల కరెంటు. యూనిట్ 15 సెంట్లనుకున్నా ఐదు డాలర్లు, అది పెద్ద ఖర్చు కాదు. కాకపోతే ఒక కిలోవాట్ హీటర్‌తో అది ఒకటిన్నర రోజు, శుక్రవారం రాత్రి నింపితే ఆదివారం పొద్దున దిగాలి. అదే 240 వోల్టులదైతే హీటర్ ఐదున్నర కిలోవాట్ల దాకా ఉంటుంది, ఆరేడు గంటల్లో అయిపోతుంది. ఒకసారి వేడెక్కాక ఆ వేడి నిలబెట్టడానికి కరెంటు ఖర్చు రెండిటికీ దాదాపు ఒకటే, మూత బాగుంటే చాలు. అందుకే నేను చెప్పేది, ఇద్దరు ముగ్గురు కూర్చునే చిన్న టబ్బుకి 120 వోల్టులు సరిపోతాయి, కొన్ని మోడళ్ళు తర్వాత 240కి మార్చుకునేలా వస్తాయి, బడ్జెట్ తక్కువుంటే అవి వెతుక్కో.

240 అయితే మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, పర్మిట్, జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు కొంచెం లీకైనా టక్కున ఆపేసేది), టబ్బుకి ఐదడుగులకి తగ్గకుండా దూరంగా, అక్కణ్ణుంచి కంటికి కనబడేలా ఒక డిస్‌కనెక్ట్ స్విచ్ (టబ్బుకి కరెంటు మొత్తం ఆపేసేది). ఇవి తప్పవు. ఇక్కడ గల్లీలో తెలిసిన అబ్బాయిని పిలిస్తే సాయంత్రానికి వైరు లాగేసి టీ తాగి పోతాడు, ఆ అలవాటు అక్కడ పనికిరాదు, నీళ్ళల్లో కూర్చునే వ్యవహారం ఇది. ప్లగ్ అండ్ ప్లే కొన్నోళ్ళు గ్యారేజీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం కూడా అంతే, చెయ్యొద్దు.

ఇంతా విని వాడు, "అయితే సెకండ్ హ్యాండ్ కొంటా బావా, ఫేస్‌బుక్‌లో మస్తు ఉన్నాయి" అన్నాడు. ఇక్కడ నా కథ చెప్పాల్సొచ్చింది. 2021 ఏప్రిల్‌లో నేనూ అట్లనే 900 డాలర్లకి ఒకటి కొన్నా. పిల్లలు కాలేజీకి పోయారు, వాడట్లేదు, అందుకే ఖాళీ చేసి పెట్టాం అని అమ్మినాయన అంటే, అబ్బ ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయా. ఆ ఫిబ్రవరిలోనే టెక్సాస్ అంతా గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయిన సంగతి నా బుర్రకి తట్టలేదు. ఖాళీ టబ్బంటే తొట్టి మాత్రమే ఖాళీ, లోపల పైపుల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి పైపుల్ని చీల్చేస్తాయి. ఇంటికి తెచ్చి నింపా, వేడెక్కింది, జెట్లు కొట్టాయి, పిల్లలు గంతులేశారు. పొద్దున లేచి చూస్తే నీళ్ళు రెండంగుళాలు దిగి ఉన్నాయి, పక్క పలక విప్పితే లోపలంతా పసుపు నురగ గట్టిగా అతుక్కుని ఉంది, లీకెక్కడో కనబడదు, చెంచాతో నురగ తవ్వుకుంటూ రెండు శనివారాలు పోయాయి. చివరికి మూడు చోట్ల దొరికింది.

కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఒకటే షరతు పెట్టు, నింపి వేడి చేసి ఉంచితేనే చూడ్డానికి వస్తా అని. నువ్వు వెళ్ళాక చేత్తో వేడి చూడు, ప్రతి పంపూ ఆన్ చెయ్యి, పలక విప్పించి టార్చ్ కొట్టి కింద తడి ఉందేమో చూడు, మూత ఎత్తి చూడు. మూత ఒక్కడివే ఎత్తలేనంత బరువుందంటే లోపలి ఫోమ్ నీళ్ళు తాగేసింది, కొత్తది కొనాల్సిందే. నాకైన లెక్క కూడా చెప్తా, టబ్బు 900, దాన్ని తెచ్చిపెట్టినోళ్ళకి 400, కరెంటు పనికి 1,400, కొత్త మూత 450, మందులూ ఫిల్టరూ 120. మొత్తం 3,270 డాలర్లు, నా రెండు శనివారాలు ఫ్రీ. అయినా కొత్తదాని కన్నా తక్కువే అనుకో, కానీ 900 అనుకుని దిగినోణ్ణి కదా, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తది.

అద్దెకుండే వాళ్ళకి, వీసా ఇంకా అటూ ఇటూ ఊగుతున్న వాళ్ళకి, ఉద్యోగం మారితే ఊరే మారే వాళ్ళకి నా ఓటు గాలి టబ్బుకే. ఇంటెక్స్, కోల్‌మన్ పేర్లతో దొరుకుతాయి, ఐదారొందల డాలర్లలో పనైపోద్ది, గంటకి రెండు మూడు డిగ్రీలే వేడెక్కుతుంది, చాలావాటిలో బుడగలు తప్ప గట్టి జెట్లు ఉండవు. బయట బాగా చల్లగా ఉన్నప్పుడు వాడొద్దని వాటి పుస్తకంలోనే రాసుంటుంది, అది చదవాలి. ఒక సీజన్ దీన్ని వాడి చూస్తే నువ్వు నిజంగా వారానికి మూడుసార్లు దిగే మనిషివా, లేక ఫోటోలకి మాత్రమేనా అన్నది తెలిసిపోద్ది. మా కాలనీలో ఏడుగురి టబ్బులున్న వాళ్ళిళ్ళల్లో ఏడుగురు దిగగా నేనెప్పుడూ చూళ్ళేదు, మొగుడూ పెళ్ళాం ఇద్దరే, అదీ పిల్లలు పడుకున్నాక.

నీళ్ళ సంగతి మనోళ్ళు అస్సలు పట్టించుకోరు, ఇదే అసలు లొల్లి. చలికాలంలో మనం తలకి కొబ్బరినూనె పెట్టుకుని ఉంటాం, పండగొస్తే ఒంటికి నువ్వులనూనె. అట్లనే దిగితే నూనె పైన తేలి, అంచు చుట్టూ జిడ్డు వలయం కట్టి, ఫిల్టర్ మూసుకుపోయి, వేసిన క్లోరిన్ అంతా దాన్ని తినడానికే సరిపోతుంది. ముందు తలంటుకుని, సబ్బు పోయేదాకా షవర్ చేసి, అప్పుడు దిగాలి. మా నాన్న ఆరు నెలలకని వచ్చినప్పుడు చక్కగా ఉతికిన లుంగీతో దిగారు, జెట్ నొక్కగానే నురగ పైకి లేచి ఆయన గడ్డం దాకా వచ్చింది, ఆయనేమో ఇది కూడా ఇందులో ఒక సౌకర్యం అనుకుని నవ్వుతూ కూర్చున్నారు! బట్టల్లో మిగిలిన డిటర్జెంట్ అది. టబ్బులో వేసుకునే బట్టలు ఉట్టి నీళ్ళతోనే జాడించాలి.

టెస్ట్ స్ట్రిప్‌లు కొనుక్కో, వారానికి రెండు మూడుసార్లు ముంచి చూడు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 3 పీపీఎంకి (పది లక్షల పాళ్ళ నీళ్ళకి మూడు పాళ్ళు) తగ్గకుండా, దాని బదులు బ్రోమిన్ వాడితే 4కి తగ్గకుండా ఉండాలి. డైక్లోర్ అనే క్లోరిన్ పొడి వాడు, స్విమ్మింగ్ పూల్‌కి వేసే ట్రైక్లోర్ బిళ్ళలు చవగ్గా వస్తున్నాయని ఇందులో వెయ్యకు, పీహెచ్ పడిపోయి టబ్బు పాడవుద్ది. మూడు నాలుగు నెలలకోసారి నీళ్ళన్నీ వదిలేసి కొత్తగా నింపాలి. క్లోరిన్ తగ్గితే వెచ్చటి నీళ్ళల్లో క్రిములు పెరిగి ఒంటిమీద ఎర్ర పొక్కులొస్తాయి, ఊపిరితిత్తుల జబ్బులు కూడా రావొచ్చు. వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటొద్దు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు, ఐదేళ్ళ లోపు పిల్లల్ని దించొద్దు. ఇక్కణ్ణుంచి వచ్చే అమ్మానాన్నలకి బీపీ, షుగరు ఉంటాయి, షుగరున్న వాళ్ళకి కొందరికి కాళ్ళల్లో వేడి తెలీదు, వాళ్ళనీ డాక్టర్నడిగాకే దించు, దిగినా పది నిమిషాలు చాలు.

డాలస్‌లో ఇంకో విచిత్రం, జులైలో టబ్బు చల్లబడదు. ఫిల్టర్ తిప్పే పంపు వేడికే, బయటి ఎండకే నీళ్ళు సెట్ చేసిన దానికంటే పైకి పోతాయి, అంటే మనం వాడేది నవంబర్ నుంచి మార్చి దాకానే. సరిగ్గా ఆ మధ్యలోనే సంక్రాంతికి ఇండియా టికెట్లు బుక్ చేస్తాం. కరెంటు ఉన్నంతసేపు టబ్బు తనంతట తను పంపు తిప్పుకుని గడ్డకట్టకుండా చూసుకుంటుంది, బ్రేకర్ ట్రిప్పయితే చూసేవాడుండడు. ఇంటి తాళాలిచ్చే ఫ్రెండుకి మొక్కలకి నీళ్ళు పొయ్యమని చెప్పడంతో పాటు చల్లగా ఉన్న రోజుల్లో టబ్బు మూత ఎత్తి చెయ్యి పెట్టి చూడమని కూడా చెప్పు.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) పర్మిషన్, తాళం పడే మూత, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక ఫోను, ఇవన్నీ రాసుకున్నాడు. చివర్లో అడిగా, మీ సైడ్ గేటు వెడల్పెంత అని. తెలీదన్నాడు. టబ్బుని పక్కకి నిలబెట్టి బండి మీద తోసుకుంటూ తెస్తారు, మూడడుగుల పైనే కావాలి, లేకపోతే ఇంటి మీదుగా క్రేన్‌తో దించాలి, దానికి బిల్లు వేరే. అక్కడ ఇంకా రాత్రి తొమ్మిదే కదా అని అప్పటికప్పుడే పక్కింటి తెలుగాయనకి ఫోన్ కొట్టాడు, ఆయన పాపం టేపు, టార్చ్‌లైటు పట్టుకుని వెళ్ళి కొలిచాడు. గేటు 42 అంగుళాలు. మావాడు నా వైపు చూసి కళ్ళెగరేశాడు. అంతలో ఆయనే మళ్ళీ స్పీకర్లో, "కానీ లోపలికి వచ్చాక ఏసీ యూనిట్ ఉంది బ్రదర్, దానికీ ఫెన్స్‌కీ మధ్య 31" అన్నాడు. అడ్వాన్స్ కట్టలేదు.