దూరం రాయని పోస్టు కూడా వరసలో నిలబడాలంటే

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

తిరుపతి చుట్టుపక్కల చూడదగిన చోట్ల మీద వర్డ్‌ప్రెస్‌లో రాసుకున్న పోస్టులు దగ్గరివి ముందు, దూరానివి వెనక రావాలన్నావు. ‘దూరం’ అనే మెటా కీ (పోస్టుకు తగిలించిన అదనపు సమాచారం పేరు) మీద సార్ట్ చేయగానే సగం కనపడలేదని కంగారు పడొద్దు, అవి చెరిగిపోలేదు. దూరం నింపని పోస్టుకు పోస్ట్‌మెటా టేబుల్లో ఆ కీతో వరసే (రో) ఉండదు. క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, మెటా కీ ఇస్తే వర్డ్‌ప్రెస్ ఇన్నర్ జాయిన్ వేస్తుంది, అంటే రెండు టేబుళ్ళలోనూ ఉన్నవాటినే జత చేస్తుంది. జోడీ దొరకని పోస్టు పంక్తిలోంచి లేచిపోతుంది.

మెటా క్వెరీలో నాట్ ఎగ్జిస్ట్స్ (కీ లేదు), ఎగ్జిస్ట్స్ (కీ ఉంది) అని రెండు షరతులు పెట్టి వాటి మధ్య ‘ఆర్’ (ఏదో ఒకటి చాలు) ఇస్తే పోస్టులన్నీ తిరిగొస్తాయి. వర్డ్‌ప్రెస్ 4.2 నుంచి షరతుకు పేరు పెట్టి ఆ పేరు మీద సార్ట్ చేసుకోవచ్చు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వింతగా ఉన్నా సార్ట్ చేయాల్సింది నాట్ ఎగ్జిస్ట్స్ పేరు మీద. దాని జాయిన్‌లో కీ పేరు ‘ఆన్’ (జత కలిపే షరతు) భాగంలోనే ఉంటుంది కాబట్టి దూరం ఉన్న పోస్టుకు దూరం, లేనిదానికి నల్ (విలువ లేదని గుర్తు) వస్తాయి. ఎగ్జిస్ట్స్ వైపు ఆ కీ ‘వేర్’లోకి (జత కలిపాక వడకట్టే షరతులోకి) పోతుంది. అప్పుడు దూరం లేని పోస్టుకు ఉన్న వేరే మెటాల్లో ఎడిట్ లాకో, థంబ్‌నెయిల్ నంబరో, ఏది చేతికి తగిలితే దాన్ని పట్టుకుని ఎక్కడో ఒకచోట నిలబెడుతుంది.

షరతులో టైపు కూడా చెప్పాలి. మెటా వాల్యూ గడి లాంగ్‌టెక్స్ట్, అంకెలు కూడా అక్షరాలే. తిరుచానూరుకు 5, చంద్రగిరికి 12, శ్రీకాళహస్తికి 36, కాణిపాకానికి 70 అని నింపావనుకో. వచ్చే వరస 12, 36, 5, 70. పక్కనున్న తిరుచానూరు కాళహస్తి అవతలికి పోతుంది. న్యూమరిక్ ఇస్తే 5.5 కాస్తా 5 అవుతుంది, అందుకే రెండు దశాంశ స్థానాలుంచే డెసిమల్(10,2) ఇవ్వు.

ఇంకో చిక్కుంది. మైఎస్‌క్యూఎల్‌లో చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే నల్ ముందొస్తుంది, దూరం లేనివన్నీ నెత్తికెక్కి కూర్చుంటాయి. నల్ బదులు వేరే విలువ పెట్టే కోలెస్ వాడి వాటిని సున్నా చేసినా అంతే, పైగా ఊళ్ళోనే ఉన్న గోవిందరాజస్వామి గుడికి నిజంగానే సున్నా రాసుంటావు. తెలియని దూరమూ సున్నా దూరమూ ఎట్లా ఒకటవుతాయి? కొందరు ఖాళీ ఉన్నచోటల్లా 9999 నింపేస్తారు. పని జరుగుతుంది గానీ ఏదో ఒకనాడు పేజీలో ‘9999 కిలోమీటర్లు’ అని కనపడి నవ్వులపాలవుతావు.

నన్నడిగితే మెటా క్వెరీ తీసేసి క్వెరీ భాగాల్ని మనమే మార్చుకోనిచ్చే పోస్ట్స్ క్లాజెస్ ఫిల్టర్ వాడు. పోస్ట్‌మెటాకు లెఫ్ట్ జాయిన్ (జోడీ లేకున్నా పోస్టును ఉంచేది) వేసి పోస్ట్ ఐడీ, మెటా కీ రెండు షరతులూ ‘ఆన్’లోనే రాయి. కీ షరతు ‘వేర్’లో పడిందంటే లెఫ్ట్ జాయిన్ కూడా ఇన్నర్ జాయిన్ లెక్కే. వరస నిర్ణయించే ఆర్డర్ బైలో మొదట ‘మెటా వాల్యూ ఈజ్ నల్’ రాయి. విలువ ఉన్నదానికి 0, లేనిదానికి 1 వస్తుంది కాబట్టి లేనివి చివరికి పోతాయి. తర్వాత డెసిమల్‌గా కాస్ట్ చేసిన (మార్చిన) దూరం, ఆపైన తేదీ కొత్తది ముందుగా, ఆఖర్న ఐడీ. ఐడీ అనవసరం అనిపిస్తుంది గానీ, దూరం, తేదీ రెండూ కలిసిన పోస్టులుంటే ఒకే పోస్టు రెండు పేజీల్లోనూ తేలి ఇంకోటి ఎక్కడా కనపడకుండా పోవచ్చు.

దూరం గడిని ఖాళీగా సేవ్ చేస్తే కొన్ని ప్లగిన్లు ఖాళీ విలువతో వరస రాసేస్తాయి. అది నల్ కాదు, కాస్ట్ చేస్తే సున్నా. ఆర్డర్ బైలో రెండుచోట్లా నల్‌ఇఫ్‌తో ఖాళీని నల్ చెయ్యి. ‘12 కి.మీ.’ అని రాస్తే 12 వస్తుంది, ‘సుమారు 12’ అని రాస్తే సున్నా, తెలుగు అంకెల్లో ౧౨ రాసినా సున్నాయే. సేవ్ చేసేటప్పుడే అంకె కానిదాన్ని ఆపెయ్యి. ఒకే పోస్టుకు కీ రెండుసార్లు పడితే ఆ పోస్టు రెండుసార్లు వస్తుంది, అదనపు వరస చెరుపు.

ఫిల్టర్ తగిలించి వదిలెయ్యకు. క్వెరీకి ఒక గుర్తిచ్చి, అది ఉంటేనే పనిచేసేట్టు రాయి. లేదంటే అడ్మిన్ జాబితా, పక్కన విడ్జెట్‌లో కొత్త పోస్టులు కూడా దూరం వరసలో వస్తాయి.

అయ్యాక సార్ట్ లేకుండా మొత్తం ఎన్ని పోస్టులు, సార్ట్‌తో ఎన్ని అని క్వెరీ లెక్క చెప్పే ఫౌండ్ పోస్ట్స్‌లో చూడు. రెండు లెక్కలూ సరిపోకపోతే క్వెరీ రిక్వెస్ట్ (డేటాబేస్‌కు వెళ్ళిన అసలు వాక్యం) అచ్చేసి పంపు, చూస్తాను.

మీ మామ