చిన్నీకి, పడవ ఎక్కేముందు

చిన్నీ,

మీరు ఆరుగురూ పడవ తీసుకుని అలాస్కాలో కెచికాన్ నుంచి జూనో దాకా వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక మాత్రం కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఉన్ని బట్టలు, వాన కోటు, లైఫ్ జాకెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. హంప్‌బ్యాక్ తిమింగలాలకు వంద గజాల కంటే దగ్గరికి పోకూడదు, అది అక్కడి చట్టం. జూనో దాటి గ్లేసియర్ బే నేషనల్ పార్కుకి వెళ్తామంటే జూన్ నుంచి ఆగస్టు దాకా పర్మిట్ ఉండాలి.

నా టెన్షన్ అంతా సముద్రపు పోటు గురించే. అక్కడ పౌర్ణమికీ అమావాస్యకీ ఆరు గంటల్లో నీళ్లు 20 అడుగులు లేస్తాయి. ఇది నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను.

నేను అటు వెళ్లినప్పుడు జూనో దగ్గరి అడ్మిరల్టీ దీవి పక్కన లంగరు వేసి, నలుగురం రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్లాం. అప్పుడు పూర్తిగా పాటు, నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. పడవను కాస్త పైకి లాగి, తాడును ఒక రాయికి చుట్టాను. "గట్టిగా కట్టావా?" అని అడిగారు. "ఆ, కట్టాను" అన్నాను. వాగులో సాల్మన్ చేపలు చూస్తూ రెండు గంటలు గడిపేశాం. తిరిగొచ్చేసరికి రాయి లేదు, నీళ్లలో మునిగిపోయింది. పడవ నీళ్ల మీద దూరంగా తేలుతోంది. రేడియో అందులోనే ఉంది.

మాలో చిన్నవాడు కోటు విప్పేసి నీళ్లలోకి దిగిపోయాడు. వద్దని నేను అరిచేలోపే ఈత కొడుతున్నాడు. ఆ చలికి ముందు ఊపిరి ఎగిసిపోతుంది, పది నిమిషాల్లో చేతులు మాట వినవు. వాడు సగం దూరం వెళ్లి వెనక్కి తిరగడం వల్ల బతికాడు. ఒడ్డుకు లాగాక పళ్లు కొట్టుకుంటున్నాయి, చొక్కా గుండీ విప్పుకోలేకపోయాడు. అందరం వాణ్ణి మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. పెద్ద పడవలో ఉన్న ఇద్దరికి మా కేకలు వినిపించేదాకా వాడి చేతులు నా చంకల్లోనే ఉన్నాయి. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని తల్లీ, ఒడ్డున ఎండిన సముద్రపు నాచు ఒక గీతలా పడి ఉంటుంది చూడు, పోటు అక్కడిదాకా వస్తుందన్నమాట. ఆ గీతకు పైనున్న చెట్టుకు కట్టు. రేడియో ఒంటిమీదే ఉండాలి, పడవలో కాదు. లంగరు గొలుసు వదిలేటప్పుడు ఇప్పుడున్న లోతు కాదు, పోటు వచ్చాక ఉండే లోతు లెక్కవేయి. పడవ కొట్టుకుపోతే పోనీ, ఎవరినీ నీళ్లలో దిగనివ్వకు. "నేను బాగా ఈదుతాను" అనేవాణ్ణి ముందు పట్టుకో. నువ్వూ అలాంటిదానివేనని నాకు తెలుసు, మొండిదానివి.

ఎలుగుబంట్ల గురించి మీ అమ్మ భయపడుతోంది. గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి, తిండి ఒడ్డున వదలకండి.

మీరు వెళ్లే వారంలో పౌర్ణమి పడుతుందేమో చూసి నాకు రాయి.

పెద్దమ్మ