గుంటణ్ణి పెద్ద చెయ్యకు

రాయగడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రాత్రి చదివి, పొద్దున్న లేవగానే మళ్లీ చదివాను. చీమంత అయిపోయిన గుంటడు బీరువా కిందికి దూరి, నాయనమ్మ ఎప్పుడో పోగొట్టుకున్న ముక్కుపుడక దొరికితే దాని రాయిలో తన మొహం చూసుకుంటాడే, అక్కడ నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ తర్వాత రెండు పేజీలకి ఒళ్లు మండింది. ఎవరో సాధువు వచ్చి వాణ్ణి మహేంద్రగిరంత చేసేశాడు! పొట్టోడా అని ఏడిపించిన పిల్లలంతా వాడి కాళ్ల మీద పడ్డారు!

ఎందుకమ్మా ఇలా చేశావు? నీ కథ చదివే ఎనిమిదేళ్ల పిల్ల దగ్గరికి ఏ సాధువూ రాడు. రేపు కూడా ఆ పిల్ల అందరికంటే పొట్టిగానే బడికెళ్లాలి. పెరిగితే తప్ప నీకు విలువ లేదని ఆ పిల్లకి చెప్పి పంపించావు నువ్వు.

వామనుడు పెరగలేదా అని ఉత్తరంలో అడిగావు. పెరిగాడు. కానీ బలి చేత దానం పట్టింది పొట్టివాడిగా ఉన్నప్పుడే. సురస నూరు యోజనాల నోరు తెరిచినప్పుడు హనుమంతుడు బొటనవేలంత అయి, లోపలికెళ్లి బయటపడ్డాడు. అక్కడ పెరుగుతూ పోయుంటే ఇద్దరూ ఇంకా సముద్రం మీదే ఉండేవాళ్లు.

నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు నువ్వు చూసి ఉండవు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఆ రైలుతో పందెం కాసి పరిగెత్తే పిల్ల మీద, నేను నీ వయసులో ఉన్నప్పుడు ఒక కథ రాశాను. సంపాదకుడు ఒక్క మాట అడక్కుండా చివర సొంత పేరా కలిపాడు. రైలు పెద్ద ఎక్స్‌ప్రెస్ అయిందట, ఊరంతా చప్పట్లు కొట్టిందట. కింద ‘నీతి’ అని డబ్బా కట్టి మరీ వేశాడు. ఆ కోపం నాకింకా పోలేదు. 2004లో ఆ రైలు నిజంగానే ఆపేసి, తర్వాత బ్రాడ్‌గేజ్ వేశారు. ఊళ్లకి మేలే జరిగింది. నా కథలో పిల్లకి కావాల్సింది మాత్రం తనతో సమానంగా పరిగెత్తే రైలు. ఇప్పటి పత్రికలూ పిల్లల కథంటే వ్యక్తిత్వ వికాసం అనుకుంటున్నాయి.

చిన్నగా ఉండడంలో ఎంత కథ ఉందో చూడు. మంచం మీంచి పడి వాడి కాలు విరిగిందని రాశావు. విరగదు. మనిషి పొడవు 10వ వంతుకి తగ్గితే బరువు 1000వ వంతుకి పడిపోతుంది, ఒంటి వైశాల్యం 100వ వంతుకే తగ్గుతుంది. చీమంత అయితే ఇంకెంత తేలికో! అటక మీంచి పడ్డా గాలే ఆపుతుంది, దులుపుకుని లేస్తాడు. వాడికి అసలు గండం నీళ్లచుక్క. నువ్వేమో దాంట్లో ఈత కొట్టించావు! చెంబు అంచు నుంచి జారిన చుక్క వాడి వీపుకి అంటుకుంటే వదలదు, ఊపిరాడనివ్వదు. ముక్కుపుడకతో బయల్దేరినవాడు నాయనమ్మ మంచం దాకా వెళ్లాలంటే, తడిగుడ్డ పెట్టిన గచ్చు దాటాలి. అదీ కథ. వాడి కేక ఆవిడకి వినపడదు, మరి ఎలా చెప్తాడు? అది నువ్వే రాయాలి.

బొమ్మలు ఎవరు వేస్తారు, పుస్తకం ఎవరు అచ్చేస్తారు అన్నవి తర్వాత చూద్దాం. సాధువుని తీసేసి, గచ్చు దాటించి, దసరాలోపు నాకు పంపు.

ఆశీస్సులతో
మీ మాస్టారు