పాత రాజ్‌దూత్‌కి 3,40,000... బంగారం తాకట్టు పెట్టి కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 58,000 వస్తుంది, ఇంటి ఖర్చులు 44,000. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ నాతోనే ఉంటారు. గుంటూరులో 1987 మోడల్ రాజ్‌దూత్ 350 అమ్మకానికి ఉంది, 3,40,000 చెబుతున్నారు. బ్యాంకులో 70,000 ఉంది. భార్య బంగారం మీద 1,50,000, పర్సనల్ లోన్ 1,20,000 తీసుకుందామనుకుంటున్నాను. వింటేజ్ బండి కాబట్టి ఏటా ధర పెరుగుతుంది, పెట్టుబడిగానూ ఉంటుంది. ఇలాంటివి ఈమధ్య ఎంతకి అమ్ముడయ్యాయో కొన్నవాళ్లను అడిగి రాశాను, మెకానిక్ చెప్పిన వివరాలు, ఆర్‌సీ ఫోటో కూడా పంపుతున్నాను. ఈ ధర న్యాయమేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తున్నాయి. ఒకరికి ఆర్‌ఎక్స్ 100, ఒకరికి యెజ్డీ, మీకు రాజ్‌దూత్. బండి మారుతుంది గానీ పొరపాటు ఒక్కటే. అమ్మేవాడు చెప్పిన రేటునే బండి విలువ అనుకుంటారు, చేతిలో లేని డబ్బుకి అప్పు వెతుక్కుంటారు.

ముందు ధర సంగతి. ఇలాంటివి ఈమధ్య మూడు అమ్ముడయ్యాయని, 2,45,000, 2,60,000, 2,80,000 పలికాయని మీరే రాశారు. కొన్నవాళ్లను అడిగి తెలుసుకున్నారు, మంచి పని చేశారు. ఫోన్‌లో కనిపించే ప్రకటనల రేట్లు వదిలేయండి, అవి అమ్మేవాళ్ల ఆశలు. మధ్యలో ఉన్న 2,60,000 దగ్గర మొదలుపెడదాం.

ఆ మూడూ హెచ్‌టీ, అంటే ఎక్కువ శక్తి ఉన్న రకం బండ్లు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవి. గుంటూరు బండి కూడా హెచ్‌టీయే అంటున్నాడు అమ్ముతున్నాయన. ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు 1983లో యమహా ఆర్‌డీ350 బండిని రాజ్‌దూత్ పేరుతో తెచ్చినప్పుడు మొదటి ఏళ్లలో వచ్చింది హెచ్‌టీ. పెట్రోలు బాగా తాగుతోందని జనం కొనకపోయేసరికి తర్వాత శక్తి తగ్గించి ఎల్‌టీ తెచ్చారు. 1987 మోడల్ అంటే ఎల్‌టీ. మీ మెకానిక్కూ అదే చెప్పాడు, 40,000 తేడా ఉంటుందన్నాడు. తీసేయండి. ఇంజిన్‌లో క్రాంక్, బోరు పనికి 35,000. సైలెన్సర్లు రెండూ లోకల్ మాలు కాబట్టి అసలువి వెతికి వేయించడానికి 20,000. మొత్తం 95,000 పోతే మిగిలింది 1,65,000. ఆయన చెప్పేదాంట్లో సగం కూడా లేదు.

అదీ కాగితాలు సరిగ్గా ఉంటేనే. మీరు పంపిన ఆర్‌సీ ఫోటో చూశాను. మూడక్షరాల పాత నంబరు, మొదటి యజమాని పేరు మీదే ఉంది, ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అమ్ముతున్నాయన దగ్గరున్నది ఒక సంతకం కాగితం మాత్రమే. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ చేయించాలి, అదీ చేయించలేదు. చనిపోయిన మనిషి పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకం పెట్టలేడు. వారసులు ముందు ఫారం 31తో తమ పేరుకి మార్చుకోవాలి, ఆ తర్వాతే మీకు అమ్మగలరు. ఆపైన గుంటూరు నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి తెలంగాణలో మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అప్పుడు మీరు ముచ్చటపడుతున్న ఆ పాత నంబరు పోయి టీజీ నంబరు వస్తుంది. 'నేను చూసుకుంటాలెండి' అనే ఏజెంటు మాట నమ్మి పైసా ఇవ్వొద్దు. పేరు మారనంతవరకు అది విడిభాగాల రేటుకి కొనాల్సిన ఇనుము.

ఇంకోసారి చూడటానికి వెళితే చెప్పకుండా వెళ్లండి. కిక్ కొట్టకముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబరు ఉంటుంది, కిరోసిన్ గుడ్డతో తుడిచి వేలితో తడమండి. అక్షరాల చుట్టూ గీరిన గరుకు తగిలినా, అక్కడే రంగు మందంగా ఉన్నా మారు మాట్లాడకుండా వచ్చేయండి.

వింటేజ్ అన్నారు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్. మీ బండికి ఆ హోదా 2037లో. అప్పుడు వింటేజ్ బండ్లకిచ్చే వీఏ నంబరుతో ప్రదర్శనలకి, ర్యాలీలకి వెళ్లొచ్చు గానీ రోజూ రోడ్డెక్కకూడదు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. 70,000, 1,50,000, 1,20,000 కలిపితే సరిగ్గా 3,40,000. అంటే బండి ఇంటికొచ్చిన రోజు మీ ఖాతాలో సున్నా. ఆ రోజే అమ్మకి ఆయాసం వస్తే? ఆస్పత్రి కౌంటర్లో అడ్వాన్స్ అడిగితే ఏం కడతారు? పర్సనల్ లోన్ 18 శాతానికి మూడేళ్లంటే నెలకి సుమారు 4,340. బంగారానికి నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా 1,500, అసలు అలాగే ఉంటుంది. నెలకి 5,840 పోయే ఇంట్లో ఒక్క నెల జీతం ఆగితే ముందు వేలానికి వెళ్లేది మీ భార్య నగలు. ఆవిడతో మాట్లాడినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

బండి అమ్ముకోవచ్చు కదా అంటారు. 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయి నా దగ్గరికొచ్చిన ఒకాయన కూడా అలాగే అనుకున్నాడు. నాలుగు నెలలు కొనేవాడి కోసం చూసి, చివరికి అద్దె బకాయి కట్టడానికి సగానికి ఇచ్చేశాడు. అవసరం మనదైనప్పుడు ధర కొనేవాడిదే. పైగా ఇంత పాత బండికి చాలా కంపెనీలు థర్డ్ పార్టీ బీమాతో సరిపెడతాయి. బండి పోయినా కాలినా మీ చేతికి రూపాయి రాదు, ఈఎంఐ మాత్రం ఆగదు.

మీ ఇంటికి కావలసింది ఆరు నెలల ఖర్చు, 2,64,000. మీ దగ్గరున్నది నెలన్నరకి కాస్త ఎక్కువ. నెలకి 14,000 మిగులుతోంది, అందులో 12,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పదహారు నెలల్లో ఆ లోటు పూడుతుంది. మిగిలిన 2,000లోంచే మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. మ్యూచువల్ ఫండ్ల మాట ఆ తర్వాత చూద్దాం. అమ్మకి ఆఫీసు ఆరోగ్య బీమా పాలసీ వర్తిస్తుందో లేదో రేపే హెచ్ఆర్‌ని అడగండి.

ఆ పదహారు నెలలు అయ్యాక, నెలనెలా పక్కన పెట్టిన సొంత డబ్బుతో ఏ పాత బండి కొన్నా నేను కాదనను. గుంటూరాయనకి మాత్రం ఈరోజే ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పండి: ఆర్‌సీ వారసుల పేరుకి మారాకే మాట, అది కూడా 1,65,000 దగ్గర. అడ్వాన్స్ అడిగితే ఫోన్ పెట్టేయండి.