బెంగళూరు చలిలో పరుగు మానకుండా ఉండాలంటే

అక్టోబరు దాకా మీరు వారానికి నాలుగు రోజులు పరుగెత్తేవారు, డిసెంబరు వచ్చాక అయిదింటి అలారం ఆపేసి ముసుగు తన్ని పడుకుంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు. మాది మదనపల్లె దగ్గర. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఉంటాం. ఇక్కడ నా మొదటి రెండు చలికాలాలూ మీకు జరుగుతున్నట్టే జరిగాయి.

రెండో ఏడాదైతే జలుబు చేసిందని ఒక వారం ఆపాను. ఆ వారం కాస్తా సంక్రాంతికి ఊరెళ్లొచ్చేదాకా సాగింది. ఆ తర్వాత చలి శివశివా అంటూ వెళ్లిపోయేదాకా, అంటే శివరాత్రి దాకా, బూట్లు ముట్టుకోలేదు. మార్చిలో మళ్లీ దిగితే, అంతకుముందు పది కిలోమీటర్లు పరుగెత్తిన మనిషిని మూడో కిలోమీటరుకే ఆయాసంతో ఆగిపోయాను. చాలా బాధేసింది.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, నన్ను ఆపింది చలి కాదు, చీకటి. ఇక్కడ జనవరిలో కూడా తెల్లవారుజామున మామూలుగా 15, 16 డిగ్రీలుంటుంది. దూరం పరుగెత్తేవాళ్లకి అది హాయైన వాతావరణం. కానీ జూన్‌లో ఆరు కాకముందే వచ్చే సూర్యుడు డిసెంబరు చివరికి ఆరున్నర దాటాక గానీ రాడు. ఇంకో సంగతి, అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో అయిపోయినా, ఇక్కడ పొద్దు అన్నిటికంటే ఆలస్యంగా పొడిచేది జనవరి నెలాఖరులో, దాదాపు 6:45కి. కొత్త సంవత్సరం నుంచి మొదలుపెడదాం అనుకున్నవాళ్లు నీరసపడేది అందుకే అని నా నమ్మకం.

అయిదింటి అలారం ఎండాకాలానికి పెట్టుకున్నది. ఏప్రిల్‌లో ఏడున్నరకే ఎండ మాడుస్తుంది కాబట్టి అప్పుడు అది అవసరం. ఇప్పుడు ఎనిమిదింటికి కూడా ఎండ ఒంటికి హాయిగా తగులుతుంది. నేను అలారం 6:10కి మార్చాను. ఆ ఒక్క మార్పుతో సగం పోరాటం తగ్గింది. ఆఫీసు కాల్స్ పొద్దున్నే ఉంటే ఆ రోజు అరగంటే పరుగెత్తండి, దూరం ఆదివారానికి ఉంచండి. చీకట్లో పరుగెత్తితే లేచిపోయిన ఫుట్‌పాత్ బండలు కనపడవు, వీధికుక్కలు కూడా వెంటపడతాయి. అందుకని కూడా వెలుతురు వచ్చేదాకా ఆగడం మంచిది.

మిగతా సగం మా పక్క బ్లాకు పెద్దాయన వల్ల తగ్గింది. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, పరుగెత్తరు, వేగంగా నడుస్తారు. ఆరున్నరకి గేటు దగ్గర కలుద్దాం అనుకున్నాం. ఒకరోజు నాకు లేవబుద్ధి కాక పడుకుండిపోయాను. ఆరూ నలభైకి బాల్కనీలోంచి చూస్తే, చెవులకి మఫ్లరు చుట్టుకుని, చేతులు రుద్దుకుంటూ గేటు నుంచి వీధి మలుపు దాకా వెళ్లి, మా కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్లీ వెనక్కి వస్తున్నారు. నాకు ఫోన్ చెయ్యలేదు. అలా ఎన్నిసార్లు తిరిగారో తెలీదు. చెప్పులతోనే కిందకి పరుగెత్తి క్షమించమన్నాను. "పర్లేదు లేమ్మా, రేపు వెళ్దాం" అన్నారు. ఆ తర్వాత ఒంట్లో బాగా లేకపోతే రాత్రే చెప్పేస్తున్నాను, ఊరికే మానెయ్యడం మాత్రం మళ్లీ జరగలేదు. మీకూ అలా గేటు దగ్గర నిలబడే మనిషి ఒకరు కావాలి. మీ అంత వేగంగా పరుగెత్తక్కర్లేదు.

బట్టల గురించి ఎక్కువ ఆలోచించకండి. స్వెట్టర్ వేసుకుంటే రెండో కిలోమీటరుకే ఉక్కపోసి విప్పి నడుముకి కట్టుకోవాల్సి వస్తుంది. చెమట పట్టుకోని పల్చటి ఫుల్‌హ్యాండ్ టీషర్ట్ చాలు. మొదటి పది నిమిషాలు ఒళ్లు బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లోనే వార్మప్ చేసి దిగండి. ఊపిరికి చల్లగాలి పడకపోతే మొదట ముక్కుతోనే పీలుస్తూ నెమ్మదిగా వెళ్లండి, పిల్లికూతలు వస్తే మాత్రం డాక్టరుకి చూపించుకోండి. దాహం వెయ్యదు గానీ నీళ్లు తాగండి.

ఒక గురి కూడా ఉంటే మేలు. ఇక్కడి పది కిలోమీటర్ల పరుగు పందెం, టీసీఎస్ వరల్డ్ 10కె, 2024లో, 2025లో ఏప్రిల్ చివరి ఆదివారమే జరిగింది. అలాంటిదానికి తయారవ్వాలంటే జనవరి, ఫిబ్రవరి నెలలే అసలు పునాది.

ఆదివారాలు మాత్రం కబ్బన్ పార్కుకి వెళ్లండి. పొద్దున వేళ లోపలికి బండ్లు రానివ్వరు, వెదురు పొదల పక్కనుంచి వెళ్తుంటే మీ బూట్ల చప్పుడు మీకే వినిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు నేను రెండు కిలోల అనపకాయలు (చిక్కుడు జాతివి) కొంటాను, ఈ చలి ఉన్నన్నాళ్లే వాటికి ఆ వాసన. ఎండలో కూర్చుని అమ్మా నేనూ వలిచి గింజలు నానేస్తాం. రాత్రికి ఆ గింజల తోలు పితికి తీసి వండిన పితికిపప్పు, రాగిసంగటి.