రాస్తున్నకొద్దీ బరువెక్కుతోంది

ప్రశ్న: మా నాన్నగారు గుండెపోటుతో పోయి ఏడు నెలలైంది. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే, బాబుకి అన్నం తినిపిస్తూ, తర్వాత మాట్లాడదాంలే అని ఊరుకున్నాను. బాధను కాగితం మీద పెడితే మనసు తేలికవుతుందని స్నేహితురాలు చెప్పడంతో, బాబు పాత నోటుపుస్తకంలో రోజూ పడుకునే ముందు రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ ఏడుపే, ఆపై నిద్ర పట్టదు. అత్తగారి కంట పడుతుందేమోనని పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాస్తున్నాను. రెండు పేజీల నకలు పంపుతున్నాను. రాయడం మానేయమంటారా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: పూర్తిగా మానక్కర్లేదమ్మా, కానీ ప్రతి రాత్రీ రాయడం మాత్రం ఆపండి. మీ రెండు పేజీల్లో ‘ఫోన్ తీయలేదు’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. ఆ ఫోన్‌కు ముందూ వెనకా ఏం జరిగిందో, నాన్నగారు ఎలాంటి మనిషో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఇది పుండును రోజూ గిల్లి చూసుకోవడమే అవుతోంది.

అమెరికాలో జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన పరిశోధనలో, కళాశాల విద్యార్థుల చేత తమను కలచివేసిన అనుభవాన్ని రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయించారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు. అయినా తర్వాతి ఆరు నెలల్లో వైద్యం కోసం వెళ్లడం వారిలో తగ్గింది. కాబట్టి మొదట్లో ఏడుపు రావడం వింతేమీ కాదు, ఏడు నెలలైనా అది అక్కడే ఉండిపోవడమే ఆలోచించవలసిన విషయం. రోజులు గడిచేకొద్దీ రాతలో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ వంటి మాటలు పెరిగినవారికే ఎక్కువ మేలు కనిపించిందని ఆయన తర్వాత గమనించారు. అలాగని దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకండి. 2006లో 146 పరిశోధనలను కలిపి చూస్తే మేలు ఉందిగానీ, అది చిన్నదేనని తేలింది.

పడుకునే ముందు కాకుండా, బాబు బడికి వెళ్లాక, గడియారం పెట్టుకుని 15 నిమిషాలు, నాలుగే రోజులు రాయండి. అక్షరదోషాల గురించి పట్టించుకోవద్దు. ఎవరైనా చదువుతారన్న భయం ఉన్నచోట చేయి నిజం రాయదు గనుక, నోటుపుస్తకం వదిలేసి విడి కాగితాల మీద రాసి, అయిపోగానే చింపేయండి. దాచుకుంటేనే ఫలితమన్న నియమం లేదు. ఏదైనా రోజు మరీ తట్టుకోలేననిపిస్తే అక్కడే ఆపేయండి.

నిద్రలేమి ఇలాగే సాగినా, బతకాలనిపించని ఆలోచనలు వచ్చినా రాతతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదటి రోజు ఆ సాయంత్రం జోలికి వెళ్లకండి. నాన్నగారు మామూలుగా ఏ వేళకు ఫోన్ చేసేవారో, తీయగానే మొట్టమొదట ఏమని అడిగేవారో, అక్కడి నుంచి మొదలుపెట్టండి.