రేంజ్‌లో జామ్ అవుతున్న సెకండ్‌హ్యాండ్ పిస్టల్.. తిరిగిచ్చి డబ్బు అడగొచ్చా?

ప్రశ్న: మాది కొంపల్లి. నాకు ఆయుధ లైసెన్సు ఉంది. ఎనిమిది నెలల క్రితం సికింద్రాబాద్‌లో ఉండే ఒక పెద్దమనిషి దగ్గర పాయింట్ 32 పిస్టల్ 1,40,000 రూపాయలకు కొన్నాను. ఆయన మా బంధువులకు తెలిసినవారే. పోలీసులకు తెలియజేసి, గడువు పూర్తయి, నా లైసెన్సులో ఎక్కాకే చేతికి తీసుకున్నాను. కొనేముందు ఆయన వాట్సాప్‌లో ‘ఒక్కసారి కూడా జామ్ కాలేదు, నాదీ గ్యారంటీ’ అని రాశారు. షూటింగ్ రేంజ్‌లో 50 రౌండ్లు కాలిస్తే ఏడెనిమిది సార్లు ఖాళీ కేసు (కాల్చాక మిగిలే తూటా తొడుగు) బయటికి రాకుండా స్లయిడ్‌లో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగంలో) ఇరుక్కుంటోంది. అడిగితే ‘పదేళ్లలో పది గుళ్లు కూడా కాల్చలేదండీ, నాకేం తెలుసు’ అంటున్నారు. ఈమధ్య ఒక తుపాకుల దుకాణంలో తెలిసిందేమిటంటే, ఇదే సమస్యతో ఆయన రెండుసార్లు రిపేరుకు ఇచ్చారట. మా బావమరిదికి పిస్టల్ ఇచ్చి పంపి, ఆయనకు అప్పజెప్పి డబ్బు తెమ్మందామనుకుంటున్నాను. లేదంటే మాకు తెలిసిన లేత్ పనివాడు ఖాళీ కేసును బయటికి లాగే పార్టు తయారుచేసి వేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండు ఆలోచనలూ మానుకోండి. ఇప్పటివరకు మీరు మోసపోయిన కొనుగోలుదారు. వాటిలో ఏది చేసినా ముద్దాయి అవుతారు.

లేత్ పనివాడి సంగతి చూద్దాం. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5 ప్రకారం తుపాకీని తయారుచేయడానికే కాదు, రిపేరు చేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు ఉండాలి. అంతకంటే ముఖ్యం, చట్టంలో ‘తుపాకీ’ అంటే దాని విడిభాగాలు కూడా. అంటే ఎక్స్‌ట్రాక్టర్ అనే ఆ చిన్న ఇనుప ముక్కను లేత్ మీద తయారుచేసినా లైసెన్సు లేని ఆయుధ తయారీ కిందికే వస్తుంది. 2019లో సవరణ చేశాక దీనికి సెక్షన్ 25(1)(ఎ) కింద కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. చేసినవాడితో పాటు చేయించినవారి మీదా కేసు ఉంటుంది. ‘తెలిసిన కుర్రాడే కదండీ’ అన్నది కోర్టులో పనికొచ్చే మాట కాదు. రిపేరుకు లైసెన్సున్న దుకాణంలో ఇచ్చి, పిస్టల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి.

ఇక బావమరిది. లైసెన్సుదారు రాతపూర్వకంగా అనుమతిస్తే, రిపేరు కోసమో లైసెన్సు రెన్యువల్ కోసమో వేరొకరు ఆ ఆయుధాన్ని తీసుకెళ్లడానికి సెక్షన్ 3లోనే మినహాయింపు ఉంది. కాబట్టి దుకాణానికి పంపాలంటే చీటీ రాసిచ్చి పంపొచ్చు. అమ్మినాయన ఇంటికి పంపడానికి మాత్రం ఆ చీటీ పనికిరాదు. పిస్టల్ ఇచ్చి డబ్బు తెచ్చుకోవడం మీ దృష్టిలో ‘వాపసు’. చట్టం దృష్టిలో మాత్రం మీనుంచి ఆయనకు మరో బదిలీ. కొన్నప్పుడు ఆగిన గడువు గుర్తుందిగా? సెక్షన్ 5(2) ప్రకారం ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాకే ప్రైవేటు వ్యక్తి తన తుపాకీని మరొకరికి ఇవ్వాలి. పైగా తీసుకునే ఆయనకు ఈ రోజున లైసెన్సు ఉండాలి. ఈ ఎనిమిది నెలల్లో ఆయన లైసెన్సు సరెండర్ చేసి ఉండొచ్చు, ఇంకో తుపాకీ కొనుక్కుని ఉండొచ్చు. ఇప్పుడు ఒకరి లైసెన్సు మీద రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు.

అసలు విషయానికి వద్దాం. వినియోగదారుల కమిషన్ గురించి మీరు అడగలేదు కానీ అడిగినా అది కుదరదు. మీకు అమ్మింది వ్యాపారి కాదు, తన వాడకం కోసం ఉంచుకున్న పిస్టల్‌ని అమ్ముకున్న ప్రైవేటు వ్యక్తి. డీలరు దగ్గర కొనుంటే కథ వేరేగా ఉండేది. వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 కూడా ఇక్కడ మీకు అంతగా కలిసిరాదు. సరుకు పనికొచ్చేలా ఉండాలన్న బాధ్యతను అది ఆ సరుకుతో వ్యాపారం చేసేవారి మీదే పెడుతుంది. ప్రైవేటు అమ్మకంలో చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవారే.

అయితే ఆయన నోరు మూసుకుని అమ్మలేదు, గ్యారంటీ అని రాసిచ్చారు. మీ కేసుకు ప్రాణం ఆ మెసేజే. నిజానికి పదేళ్లలో పది గుళ్లు కాల్చని మనిషి ‘ఒక్కసారీ జామ్ కాలేదు’ అంటే అది అబద్ధమని తేల్చడం కష్టమే, కాలిస్తే కదా జామ్ అయ్యేది! కానీ ఇదే సమస్యతో రెండుసార్లు రిపేరుకు ఇచ్చినట్టు రుజువైతే ఆ మాట నిలవదు. తెలిసిన లోపాన్ని దాచిపెట్టి, లేదని చెప్పి అమ్మడం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మోసం. దుకాణంవాళ్లు నోటితో చెప్పింది సరిపోదు. తేదీ, పిస్టల్ నంబరు, చేసిన పని ఉండేలా కాగితం మీద రాయించుకోండి. వాళ్లు ఇవ్వలేమన్నా ఫరవాలేదు, కోర్టు ద్వారా వాళ్ల రిజిస్టరు తెప్పించొచ్చు. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. కోర్టులో దానితో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం) కూడా దాఖలు చేయాలి.

అవతలి లాయరు మొదట వేసే ప్రశ్న ఒకటుంది: లోపం పిస్టల్‌లోదా, తూటాలదా, మీ చేతిదా? ఇది దబాయింపు ప్రశ్న కాదు. మణికట్టు వదులుగా పట్టి కాల్చినా స్లయిడ్ పూర్తిగా వెనక్కి వెళ్లక ఖాళీ కేసు ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) పైన తూటాలను పట్టి ఉంచే అంచులు వంగినా, స్ప్రింగ్ బలం తగ్గినా, తూటాలు మరీ పాతవైనా జామ్ అవుతుంది. పాయింట్ 32 తూటాకు అడుగున అంచు కొంచెం బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందితూటా అంచు వెనక పడితే రెండూ మెలికపడి ఆగిపోతాయి, ఆ జామ్‌లో అమ్మినాయన తప్పేమీ ఉండదు. అందుకే కొత్త తూటాలతో, వేరే మ్యాగజైన్‌తో లైసెన్సున్న దుకాణంలోనే పరీక్ష చేయించండి. కారణం ఫలానా పార్టు, అది ఈ ఎనిమిది నెలల్లో అరిగింది కాదు అని రాసిస్తే మీకు సగం బలం వచ్చినట్టే.

డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఎనిమిది నెలలు వాడారు కాబట్టి సరుకును అంగీకరించినట్టే లెక్క. గ్యారంటీ తప్పినందుకు వస్తు విక్రయ చట్టం సెక్షన్ 59 కింద నష్టపరిహారం అడగొచ్చు. అది రిపేరు ఖర్చో, చెప్పిన పిస్టల్‌కూ ఇచ్చిన పిస్టల్‌కూ మధ్య ధరలో తేడానో అవుతుంది. మోసం రుజువైతే అసలు ఒప్పందాన్నే రద్దు చేయమని అడిగే హక్కుంది. కానీ రిపేర్ల సంగతి తెలిశాక కూడా వారం వారం రేంజ్‌కి వెళ్లి కాలుస్తుంటే ఆ హక్కు చేజారుతుంది. లోపం తెలిసీ కాలుస్తుండగా ఎవరికైనా దెబ్బ తగిలితే నిర్లక్ష్యం కేసు మీ మీదికే వస్తుంది.

ముందు ఆయనకు నోటీసు పంపి రిపేరు ఖర్చు అడగండి, 15 రోజుల గడువివ్వండి. దారికి రాకపోతే సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేయొచ్చు, గడువు మూడేళ్లు. ఇంత మొత్తానికి దావాకంటే, కేసు వేయకముందే న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లడం మేలని నా అభిప్రాయం. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. చీటింగ్ కేసు పెడతానని బెదిరించి మాత్రం డబ్బు అడగకండి. ఆ గొడవ స్టేషన్‌కు చేరితే ఆయన లైసెన్సుతో పాటు మీదీ బల్ల మీదికి వస్తుంది. చాలామంది టెన్షన్‌లో చేసే తప్పు ఇదే.

ఒకవేళ ఆయనే పిస్టల్ వెనక్కి తీసుకుంటానంటే, ముందు రాతపూర్వకంగా ఒప్పుకోమనండి. అప్పుడు మీరు మీ పరిధిలోని పోలీసులకు తెలియజేసి, 45 రోజులు ఆగండి. ఆయన లైసెన్సులో అది ఎక్కి, మీ లైసెన్సులోంచి తీసేశాకే అప్పగించండి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి.